అత్తయ్య గారి క్యాసెట్టు: రెండో వైపు ఇంకా శృతిలోకి రాలేదు

అత్తయ్య గారి అమ్మ, అంటే మా ఆవిడ అమ్మమ్మ గారు, పాడిన పాత క్యాసెట్టును శృతిలోకి తెచ్చే పనిలో ఉన్నాను, రెండో వైపు ఈ వారం కూడా కుదరలేదు. వేగం సరిచేశాక వింటే మొదటి మూడు పాటలు నిలకడగా వినిపిస్తున్నాయి గానీ, నాలుగో పాట మొదలయ్యేసరికి అమ్మమ్మ గారి గొంతు దాదాపు సగం స్వరస్థానం కిందికి జారి, నిమిషం పైచిలుకు గడిచేసరికి మెల్లగా పైకి పాకి అసలు శృతిని అందుకుంటోంది. చివరి పాటలో ఈ జారుడు మరింత ఎక్కువగా ఉంది. ఆ చివరి పాట అప్పగింతల పాట కావడం వల్ల దాన్ని ఎలా ఉన్నది అలా వదిలేయడానికి మనసు రావడం లేదు.

సందర్భం తెలియని వారి కోసం క్లుప్తంగా చెబుతాను. మాఘమాసంలో మా అత్తయ్య గారి, మామయ్య గారి యాభయ్యో పెళ్ళిరోజు వస్తోంది. వెండి పళ్ళేలు, శాలువాలు, గోడ గడియారాలు, మసాజ్ యంత్రాలు, కాఫీ యంత్రం, అన్నీ వారి ఇంట్లో ఉన్నాయి, వాటిలో సగం అట్టపెట్టెలోంచి బయటికి కూడా రాలేదు. పండక్కి అల్లుడు బట్టలు పుచ్చుకోవడమే తప్ప ఎదురు ఇవ్వడం మన ఇళ్ళలో పెద్దగా వాడుకలో లేదు కాబట్టి, నేను ఏది తీసుకెళ్ళినా "ఎందుకు నాయనా ఈ ఖర్చు" అనే మాటతో అది నేరుగా బీరువాలోకి చేరుతుంది. అందుకే ఆ ఇంటికి కొత్త వస్తువు తీసుకెళ్ళకూడదని, ఇదివరకే వారిదై ఉండి వాడుకలోంచి జారిపోయినదాన్ని తిరిగి ఇవ్వాలని ఒక నియమం పెట్టుకున్నాను. గత దసరాకు మామయ్య గారి నాన్నగారి గొలుసు గడియారాన్ని నడిచేలా చేయించి ఇచ్చాను, రోజూ ఆయనే తాళం తిప్పుకుంటున్నారు.

ఈసారి దొరికినది, తెనాలిలో వారి అటక మీద బావమరిది కంటపడిన సీ-60 (వైపుకు ముప్పై నిమిషాల) క్యాసెట్టు. దాని మీద బాల్‌పెన్నుతో "అత్తయ్య గారు, సంక్రాంతి 84" అని మామయ్య గారి చేతిరాత ఉంది. అంటే అప్పట్లో అల్లుడి హోదాలో ఆయన తన అత్తగారి చేత మంగళహారతులు, పెళ్ళిపాటలు పాడించి రికార్డు చేశారన్నమాట. ఆవిడ పోయి చాలా కాలమైంది. ఆవిడ గొంతు ఇంకెక్కడా లేదు.

మొదటి వైపు పూర్తయింది. ఊడిపోయిన ప్రెషర్ ప్యాడ్ (టేపును హెడ్డుకు అదిమిపెట్టే మెత్త) మార్చి, అజిముత్ (టేపుకు హెడ్డు నిలిచే కోణం) సరిచేస్తే చాలింది.

రెండో వైపు కథ వేరు. సరిచేయకముందు వింటే, పాటలు ముందుకు సాగేకొద్దీ శృతి పెరుగుతూ పోయి, చివర్లో అమ్మమ్మ గారు బడిపిల్లలా వినిపిస్తారు, మధ్యలో "ఇంకొకటి పాడండి అత్తయ్య గారూ" అనే మామయ్య గారి గొంతు కూడా సన్నబడిపోయింది. తప్పు నా డెక్‌లో ఉందేమోనని ముందుగా 3150 హెర్ట్జ్ పరీక్ష టేపు వేసి చూస్తే 3171 చూపించింది. మోటారు వెనుక వేగం సరిచేయడానికి ఉన్న ట్రిమ్‌పాట్ అనే చిన్న మర తిప్పి దాన్ని 3150 దగ్గర నిలిపాను, అయినా టేపులో పెరుగుదల అలాగే ఉంది. రికార్డింగులో 50 హెర్ట్జ్ కరెంటు గుర్రు ఎక్కడా లేదు కాబట్టి, రికార్డర్ సెల్లుల మీద నడిచిందని అనుకోవచ్చు. సెల్లులు నీరసపడేకొద్దీ మోటారు నెమ్మదిస్తుంది, నెమ్మదిగా రికార్డయిన టేపును మామూలు వేగంతో వినిపిస్తే శృతి పెరుగుతుంది.

అదృష్టవశాత్తు వెనకాల శృతిపెట్టె మోగుతోంది. గొంతు అటూ ఇటూ కదులుతుంది గానీ అందులో మోగే లోహపు రీడు దాదాపు కదలదు, అందువల్ల టేపు వేగానికి అంతకంటే మంచి సాక్ష్యం ఉండదు. శబ్దాన్ని సవరించే ఆడాసిటీ సాఫ్ట్‌వేర్‌లో 48 కిలోహెర్ట్జ్ రికార్డింగు మీద ఒక్కసారికి 65536 నమూనాల కిటికీతో చూస్తే ఒక్కో గడి, అంటే విడదీసి చూడగలిగే మెట్టు, 0.73 హెర్ట్జ్ వస్తుంది. ఈ షడ్జమం ఉండే 196 హెర్ట్జ్ ప్రాంతంలో అది ఆరున్నర సెంట్ల అనిశ్చితి (స్వరస్థానంలో నూరో వంతు ఒక సెంటు). అందుకే షడ్జమాన్ని నేరుగా కొలవకుండా దాని మూడో అనుస్వరాన్ని (మూడు రెట్ల పౌనఃపున్యంతో దానితోపాటే మోగే స్వరాన్ని) 590 హెర్ట్జ్ ప్రాంతంలో పట్టుకుని మూడుతో భాగిస్తున్నాను, అప్పుడు అనిశ్చితి రెండు సెంట్లకు దిగుతుంది. ఈ పనికి సోనిక్ విజువలైజర్ అనే సాఫ్ట్‌వేర్ ఇంకా బాగుంటుంది. ఉచితంగా దొరికే ఈ రెండింటినీ పక్కపక్కన తెరుచుకుని పనిచేయడం నాకు అలవాటైంది.

వచ్చిన అంకెలు ఇవి: 2వ నిమిషంలో 198.4 హెర్ట్జ్, 8వ నిమిషంలో 199.2, 15వ నిమిషంలో 203.0, 21వ నిమిషంలో 210.6, 26వ నిమిషంలో 220.9, 29వ నిమిషంలో 233.0. మొదటికీ చివరికీ తేడా 278 సెంట్లు, అంటే మూడు స్వరస్థానాలకు కొంచెం తక్కువ. రేఖ మొదట్లో దాదాపు సమంగా ఉండి, సగం దాటాక నిటారుగా లేస్తోంది. వోల్టేజీ ఒక స్థాయికి పడిపోయేదాకా మోటారు గవర్నర్ వేగాన్ని నిలబెట్టి, ఆ తర్వాత చేతులెత్తేసిందనడానికి ఇది సరిపోతుంది.

ఈ ఆరు బిందువులను ఆడాసిటీ టైమ్ ట్రాక్ (వేగాన్ని ఎక్కడికక్కడ మార్చే గీత) మీద పెట్టి, వాటి మధ్య గీతలు కలిపి, మిక్స్ చేసి విన్నదే ఈ వారపు ప్రయత్నం. నాలుగో పాట దగ్గర జారుడు వినగానే పాట లోపల అయిదేసి సెకన్లకు ఒకసారి మళ్ళీ కొలిచాను. నా గీత ప్రకారం 22వ నిమిషంలో శృతిపెట్టె 212.7 హెర్ట్జ్ దగ్గర ఉండాలి, నిజానికి 206.4 దగ్గర ఉంది. తేడా 52 సెంట్లు. చివరి పాట మొదలయ్యే 26 నిమిషాల 30 సెకన్ల దగ్గర గీత 222.9 అంటే టేపు 214.8 అంటోంది, అక్కడ తేడా 64 సెంట్లు. రెండు చోట్లా నిమిషం పైచిలుకు గడిచేసరికి టేపు మళ్ళీ నా గీత మీదికి చేరుకుంటోంది.

దీనికి నా ఊహ ఇది. పాటకూ పాటకూ మధ్య మామయ్య గారు రికార్డర్ ఆపేవారు, ఆ క్లిక్కుమనే చప్పుడు టేపులో స్పష్టంగా ఉంది. ఆ కాలపు జింక్-కార్బన్ సెల్లులకు కాస్త విశ్రాంతి దొరికితే వోల్టేజీ కొంత తేరుకుంటుంది, మళ్ళీ భారం పడగానే త్వరగా పాత స్థితికి దిగజారుతుంది. కాబట్టి రెండో వైపు వేగం ఒకే నున్నటి వంపు కాదు, రంపపు పళ్ళలాగా ప్రతి విరామం దగ్గరా విరిగిన గీత. నేను కొలిచిన బిందువులన్నీ పాటల మొదటి నిమిషం దాటాకే పడటం వల్ల ఆ పళ్ళు మొదట కనిపించలేదు. సెల్లులు సరిగ్గా నీరసించాకే ఈ తేరుకోవడం వేగంలో తేడాగా బయటపడుతుంది కాబట్టి, మొదటి మూడు పాటలు బాగుండటానికీ ఇదే కారణమై ఉండాలి.

పరిష్కారం సూత్రప్రాయంగా తెలుస్తోంది. క్లిక్కు దగ్గర కోసి ఒక్కో పాటను విడి ఫైలుగా చేసి, ప్రతి పాటకూ దాని సొంత టైమ్ ట్రాక్ గీయాలి. మొదటి నిమిషంలో అయిదు సెకన్లకో బిందువు, ఆ తర్వాత పదిహేను సెకన్లకో బిందువు చాలు. అసలు చిక్కు అప్పగింతల పాటలో ఉంది. దాని మొదటి నలభై సెకన్లలో శృతిపెట్టె మోగలేదు, తిత్తి పట్టుకున్నవారు ఎందుకో ఆలస్యంగా అందుకున్నారు. వేగం అన్నిటికంటే చురుకుగా మారే చోటనే నాకు ఆధారం లేకుండా పోయింది. అక్కడ అమ్మమ్మ గారి షడ్జమాన్నే పట్టుకోవాలి. అలవాటైన గొంతు పది, పదిహేను సెంట్లకు మించి తప్పదని నా నమ్మకం గానీ, పక్కన శృతి లేనప్పుడు ఆ నమ్మకం ఎంతవరకు నిలుస్తుందన్నది వినే తేల్చుకోవాలి. నాలుగో పాటలోని పతనపు ఆకారాన్ని తీసుకుని, 64 సెంట్లకు తగ్గట్టు సాగదీసి ఇక్కడ అమర్చడం రెండో మార్గం. ఒకే సెల్లులు, ఒకే రికార్డర్ కనుక ఆకారం దగ్గరగానే ఉండాలి.

సెలెమొనీ వారి క్యాప్‌స్టన్ సాఫ్ట్‌వేర్ ఈ పనిని చాలావరకు తనంత తానుగా చేస్తుంది, కానీ దాని ధర ఒక్క క్యాసెట్టు కోసం పెట్టగలిగేది కాదు. రికార్డు చేసేటప్పుడు కలిపే, చెవికి అందని బయాస్ సంకేతం టేపు మీద మిగిలితే దాన్ని పట్టుకుని వేగం సరిచేసే ప్లాంజెంట్ ప్రాసెసెస్ వారి పద్ధతి నాకెంతో ఇష్టం, అయితే అంత పై పౌనఃపున్యం నా డెక్‌కు అందదు, పైగా అప్పటి చిన్న రికార్డర్లలో చాలావాటిలో డీసీ బయాసే ఉండేది, దానికి పట్టుకోవడానికి పౌనఃపున్యమే ఉండదు. ఇక ఆన్‌లైన్‌లో దొరికే చవక యూఎస్‌బీ క్యాసెట్ కన్వర్టర్ల జోలికి మాత్రం ఎవరూ పోవద్దు. వాటి వేగమే ఊగుతుంటే టేపు ఊగుడును దేనితో పోల్చి కొలుస్తారు? నాయిస్ రిడక్షన్ విషయంలోనూ నాకు పట్టింపు ఉంది. టేపు బుసను ఆరు డెసిబెల్స్ మాత్రమే తగ్గించి ఆపాను. పెరట్లో కాకి, వంటింట్లో గిన్నె, పక్కగదిలో ఏడుస్తున్న పసిబిడ్డ (మా ఆవిడే అయి ఉండాలి) పోయేంతగా శుభ్రం చేస్తే అత్తయ్య గారికి అందులో మిగిలేది తక్కువ.

ఇచ్చే తీరు కూడా దాదాపు ఖాయమైంది. వారింట్లో ఎవరో బహూకరించిన సరేగమ కార్వాన్ ఉంది, దానికి యూఎస్‌బీ రంధ్రం ఉంది. ఎంపీ3లు నింపిన చిన్న పెన్‌డ్రైవ్ అందులో గుచ్చితే చాలు. ఇంట్లోకి కొత్త యంత్రం చేరదు, నేర్చుకోవాల్సిన బటనూ ఉండదు. మార్పులేవీ చేయని 24 బిట్ల వేవ్ ఫైళ్ళు బావమరిది దగ్గర, నా దగ్గర ఉంటాయి. పాటల సాహిత్యాన్ని పెద్ద అక్షరాలతో రాసి కుట్టిన పుస్తకం కూడా పెట్టాలని ఉంది గానీ, రెండు చరణాల్లో మాటలు తెలియడం లేదు. అవి అత్తయ్య గారే నింపేలా ఖాళీ గీతలు వదలడం మేలేమో. ఉగాదికి మామయ్య గారి ఆగ్ఫా క్లిక్ త్రీ నెగెటివ్‌ల పని మొదలుపెడతాను. అవి 6×6 సెంటీమీటర్లవి కాబట్టి మూత లోపల లైటున్న స్కానర్ అరువు తెచ్చుకోవాలి.

అంతకంటే ముందు తేలాల్సినది మొత్తం టేపు అసలు శృతి. ఆ శృతిపెట్టె ఇప్పటికీ అటక మీదే ఉంది. చెదలు చూస్తాననే నెపంతో బావమరిది దాన్ని దించి, ఫోన్లోని ట్యూనర్‌తో ఐదు శృతి షడ్జమం రీడును కొలిస్తే 197.3 హెర్ట్జ్ వచ్చింది. టేపు మొదట్లో ఉన్న 198.4తో పోలిస్తే తేడా పది సెంట్లలోపే, అంటే సెల్లులు కొత్తగా ఉన్నప్పుడే రికార్డర్ అరశాతం నెమ్మదిగా నడిచిందనుకోవాలి. అయితే తిత్తి గట్టిగా కొడితే రీడు కొన్ని సెంట్లు దిగుతుంది, నలభై ఏళ్ళ తుప్పుకూ దుమ్ముకూ ఎంత మారిందో కొలవకుండా చెప్పలేము. దీనికి ఒక దారి ఉంది. టేపు వేగం ఎలా ఉన్నా పంచమానికీ షడ్జమానికీ మధ్య నిష్పత్తి మారదు, టేపులో అది 1.497 ఉంది. ఈసారి తెనాలి వెళ్ళినప్పుడు పంచమం రీడును కూడా, తిత్తిని ఒకే ఒత్తిడితో నడుపుతూ కొలుస్తాను. నిష్పత్తి అదే వస్తే రీడులు కదలలేదని నమ్మి మొత్తాన్ని 197.3కు దించుతాను, వేరుగా వస్తే మొదటి పాటలను ఉన్నచోటే వదిలి చివరి పాటలను వాటికి కలుపుతాను.