ఫ్యాను ఆపితే నిలిచిన అంకె

"ఫ్యాను ఆపితే గానీ కాటా మీద అంకె నిలవదు" అని పర్లాకిమిడిలో మా కంసాలి బాబాయి ఈ ఉదయం అంటుండగానే, టెక్సస్‌లో తన తూటాలను తానే నింపుకునే మా బావ ఏ కాటా కొనాలో అడగడానికి ఫోన్ చేశాడు.

తూటా మందును గ్రెయిన్ అనే చిన్న కొలతలో, అందులో పదో వంతు వరకూ తూస్తారు. గ్రెయిన్‌లో పదో వంతు సుమారు 6.5 మిల్లీగ్రాములే కాబట్టి, 10 మిల్లీగ్రాముల కంటే చిన్న తేడాను పట్టలేని చవక కాటా ఆ పనికి చాలదు.

తెర మీది అంకెల సంఖ్యను చూసి మురిసిపోవద్దని, తూచబోయే బరువుకు దగ్గరగా ఉన్న ప్రామాణిక తూకపు రాయిని పెట్టి తీసి మళ్లీ పెట్టినా అదే అంకె వస్తుందో లేదో, తీసిన ప్రతిసారీ సున్నాకు తిరిగి వస్తుందో లేదో చూడమని బాబాయి చెప్పాడు. (అమ్మేవాళ్లు ఈ సంగతి ఎందుకు చెబుతారు?)

బావ ముందుగా ఆ రాయినే కొంటానన్నాడు.