అక్క బ్లాడర్ నొప్పి, పీఆర్‌పీ సూదులు

మా అక్కకి కొన్నేళ్ళుగా బ్లాడర్ నొప్పి ఉంది. రాజోలు దగ్గర పల్లెలో ఉంటుంది. మూత్రం నిండేకొద్దీ పొత్తికడుపులో మంట, పోటు, వెళ్ళొస్తే కాసేపు నెమ్మది, మళ్ళీ మొదలు. రాత్రిళ్ళు సరిగ్గా నిద్ర ఉండదు. వెళ్ళిన ప్రతిచోటా యూరిన్ ఇన్ఫెక్షన్ అని యాంటీబయాటిక్ కోర్సు రాసేవారు, కల్చర్ రిపోర్టులో మాత్రం ఏ క్రిమీ లేదనే వచ్చేది. చివరికి ఒక యూరాలజిస్ట్ ఇది ఇంటర్‌స్టీషియల్ సిస్టైటిస్ అయ్యుండొచ్చమ్మా, బ్లాడర్ పెయిన్ సిండ్రోమ్ అని కూడా అంటారు అని చెప్పినప్పుడు అక్క అక్కడే ఏడ్చేసింది. ఎందుకంటే అప్పటిదాకా "నీకేం లేదు, అంతా టెన్షన్" అన్న మాటే విని విని, తనకి నొప్పి ఉందని ఇంట్లో చెప్పుకోవడం కూడా మానేసింది.

ఇప్పుడు దీనికి పీఆర్‌పీ ఇంజెక్షన్లు ఇస్తారని విని, చేయించుకోమంటావా అని నన్ను అడిగింది. చదివి, డాక్టర్లని అడిగి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను. మన వైపు ఇలా బాధపడుతూ ఎవరికీ చెప్పని ఆడవాళ్ళు చాలామంది ఉన్నారని నా గట్టి నమ్మకం.

పీఆర్‌పీ అంటే ప్లేట్‌లెట్ రిచ్ ప్లాస్మా. డెంగీ వచ్చి వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ ప్లేట్‌లెట్ల గురించి తెలుసు, కనీసం 1.5 లక్షలు ఉండాలని కూడా తెలుసు. రక్తం గడ్డకట్టించడం ఒక్కటే వాటి పని కాదు. గాయం మానడానికి కావాల్సిన గ్రోత్ ఫ్యాక్టర్లు వాటిలో నిలవ ఉంటాయి, దెబ్బ తగిలినచోటికి చేరి అవి వాటిని వదులుతాయి. మన రక్తమే కొంత తీసి, సెంట్రిఫ్యూజ్ మెషిన్‌లో గిర్రున తిప్పితే ఎర్రకణాలు అడుగుకి దిగుతాయి, ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉన్న పసుపుపచ్చ భాగం వేరవుతుంది. జుట్టు ఊడేవాళ్ళకి స్కిన్ క్లినిక్కుల్లో, మోకాళ్ళ నొప్పులకి ఎముకల డాక్టర్ల దగ్గర ఇచ్చే ఇంజెక్షన్ ఇదే.

మరి బ్లాడర్‌కి ఎందుకు? మూత్రాశయం లోపలి గోడకి ఒక రక్షణ పొర ఉంటుంది. ఈ జబ్బున్న చాలామందిలో ఆ పొర పాడై ఉంటుందని డాక్టర్లు అనుకుంటున్నారు. రొయ్యల చెరువులోని ఉప్పునీరు గట్టు దాటి పక్కనున్న వరిచేలోకి ఊరినట్టు, మూత్రంలోని పొటాషియంలాంటివి గోడలోకి దిగి అక్కడి నరాలని రేపుతాయి. ఆ గోడ మళ్ళీ కొత్త కణాలతో బాగుపడితే నొప్పి తగ్గుతుందనేదే పీఆర్‌పీ వెనకున్న ఆలోచన. నాకైతే అది సబబుగానే అనిపించింది.

దీని మీద ఎక్కువ పని జరిగింది తైవాన్‌లో, హువాలియెన్ అనే ఊళ్ళోని ఆస్పత్రిలో. వాళ్ళ పద్ధతిలో 50 మి.లీ. రక్తం తీసి, దాన్నుంచి 10 మి.లీ. పీఆర్‌పీ చేసి, మత్తు ఇచ్చి సిస్టోస్కోప్‌తో (మూత్రం వచ్చే దారిలోంచి బ్లాడర్‌లోకి పంపే సన్నని కెమెరా గొట్టం) చూస్తూ బ్లాడర్ గోడలో 20 చోట్ల కొంచెం కొంచెంగా ఎక్కిస్తారు. నెలకొకసారి, మొత్తం 4 సార్లు. మిగతా మందులకి లొంగని 40 మందికి ఇలా చేసి 2019లో ఫలితాలు ప్రచురించారు. దాదాపు సగం మందికి చెప్పుకోదగ్గ మెరుగు కనిపించింది, పెద్ద ప్రమాదాలు జరగలేదు.

సగం మందికి అంటే చిన్న విషయం కాదు, అన్నీ వాడి విసిగిపోయినవాళ్ళకి మరీను. కానీ ఆ పరిశోధనలో పోల్చి చూడడానికి ఇంకో గుంపు లేదు. ఈ జబ్బు దానంతటదే కొన్ని నెలలు తగ్గుతుంది, మళ్ళీ ఎగదన్నుతుంది. అందుకని కొందరికి పీఆర్‌పీ, కొందరికి ఉత్త సెలైన్ ఇచ్చి, ఎవరికి ఏది ఇచ్చారో తెలియకుండా చూస్తేనే తగ్గింది ఇంజెక్షన్ వల్లో కాదో తేలుతుంది. అమెరికాలోని యూరాలజిస్టుల సంఘం 2022లో సవరించిన మార్గదర్శకాల్లో దీన్ని సిఫార్సు చెయ్యలేదు.

ఇదంతా తెలిశాక నాకు కోపం వచ్చిన సంగతి ఒకటుంది. అక్కని ఒక ఆస్పత్రికి తీసుకెళ్తే సిస్టోస్కోపీ చెయ్యకుండానే, పాత ఫైలు కూడా తెరవకుండానే పీఆర్‌పీ ప్యాకేజీ ధర చెప్పారు, నాలుగూ కలిపి ముందే కడితే తగ్గింపు అట! నొప్పితో ఉన్న మనిషి ఎంతైనా కడుతుందండీ, చెవి కమ్మలు తాకట్టు పెట్టి మరీ కడుతుంది. అలాంటి మనిషితో బేరమాడడం అన్యాయం.

ముందు జబ్బు ఇదేనని తేలాలి. మన దేశంలో మూత్రాశయానికి టీబీ వచ్చినా ఇదే మంట, ఇదే మాటిమాటికీ వెళ్ళడం. మామూలు కల్చర్‌లో టీబీ క్రిమి పెరగదు, దానికి వేరే పరీక్షలు ఉన్నాయి. రాళ్ళు, కాన్సర్, ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొరలాంటిది బయట పెరగడం) లేవని చూసుకోవాలి. సిస్టోస్కోపీలో బ్లాడర్ గోడమీద హన్నర్ పుండ్లు కనిపించొచ్చు. 1915లో అమెరికాలో గై హన్నర్ అనే డాక్టర్ వాటి గురించి రాశారు, ఆయన పేరే పెట్టారు. అవి ఉంటే కాల్చడమో, అక్కడే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇవ్వడమో చేస్తారు, దానివల్ల చాలామందికి బాగా ఉపశమనం ఉంటుంది. చూడకుండానే పీఆర్‌పీ ఇచ్చేస్తే ఆ దారి మూసేసినట్టే కదా.

అంతకంటే ముందు ఇంట్లో చెయ్యగలిగినవి ఉన్నాయి. మన తిండి ఈ జబ్బుకి పెద్ద పరీక్ష. చింతపండు, గోంగూర, ఆవకాయ, టమాటా, నిమ్మకాయ, పచ్చిమిర్చి, పొద్దున్నే కాఫీ... చాలామందికి మంట రేపేవి ఇవే. చేపల పులుసు లేకుండా గోదావరి మనిషి ఎలా బతకాలి అంది అక్క. అన్నీ మానక్కర్లేదు, అందరికీ అన్నీ పడకపోవడం ఉండదు. కొన్నాళ్ళు అనుమానమున్నవన్నీ ఆపి, తర్వాత ఒక్కొక్కటే కలుపుకుంటూ, ఎప్పుడు మంట వచ్చిందో నోట్‌బుక్‌లో రాసుకోవాలి. అక్కకి పులుసు, కాఫీ పడలేదు, మజ్జిగన్నం, బీరకాయ, ఆనపకాయ, వేయించిన చేప హాయిగా పడుతున్నాయి. నీళ్ళు తాగడం మానెయ్యడం మాత్రం తప్పు. నరసాపురం పంటు దాటి పాలకొల్లు రావాలంటే దారిలో బాత్రూం ఉండదని అక్క పొద్దుటినుంచీ గొంతు తడుపుకోదు, అప్పుడు మూత్రం చిక్కబడి మంట ఇంకా ఎక్కువవుతుంది. బస్టాండుల్లో ఆడవాళ్ళకి శుభ్రమైన బాత్రూం ఉండడం కూడా ఈ జబ్బుకి వైద్యమేనని నేను అంటాను.

కటి కండరాలు బిగుసుకుపోయి ఉంటే వాటిని వదులు చేసే ఫిజియోథెరపీ ఉంది. బిగించే కీగెల్ వ్యాయామాలు మాత్రం వీళ్ళకి పనికిరావు, నొప్పి పెరగొచ్చు. నరాల నొప్పికి వాడే అమిట్రిప్టిలిన్ తక్కువ డోసులో, బ్లాడర్‌లోకి ఎక్కించే మందులు కూడా ఉన్నాయి. ఈ జబ్బుకి ఇచ్చే పెంటోసాన్ అనే క్యాప్సూల్స్ ఏళ్ళ తరబడి వాడితే రెటీనా దెబ్బతినొచ్చని 2020లో అమెరికాలో హెచ్చరిక జోడించారు, అవి వాడేవాళ్ళు కంటి డాక్టర్‌కి చూపించుకుంటూ ఉండాలి.

ఇవన్నీ చూసుకున్నాక కూడా నొప్పి లొంగకపోతే, అప్పుడు పీఆర్‌పీ గురించి ఆలోచించడం తప్పని నేను అనను. కానీ ఆ డాక్టర్ ఇది ఇంకా పరిశోధనలో ఉన్న వైద్యమని నోరు తెరిచి చెప్పాలి. బ్లాడర్‌కి ఇంతకుముందు ఎంతమందికి చేశారు, రెండో ఇంజెక్షన్ తర్వాత కూడా గుణం కనిపించకపోతే ఆపేస్తారా, మత్తు ఎవరు ఇస్తారు, ఇవన్నీ అడగండి. చేసేముందు మూత్రంలో ఇన్ఫెక్షన్ లేదని కల్చర్ చూడాలి. రక్తం పల్చబడే మందులు, ఆస్పిరిన్‌లాంటి నొప్పి బిళ్ళలు వాడుతుంటే చెప్పాలి, ఎందుకంటే వాటివల్ల రక్తం ఎక్కువ పోవచ్చు, ఆస్పిరిన్‌లాంటివి ప్లేట్‌లెట్ల పనిని కూడా దెబ్బతీస్తాయి, అలాగని సొంతంగా ఆపెయ్యకూడదు. చేశాక కొద్దిరోజులు మంట, మూత్రంలో కాస్త రక్తం రావచ్చు. జ్వరం వచ్చినా, మూత్రం ఆగిపోయినా వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి.

ముందు సిస్టోస్కోపీ, టీబీ పరీక్షలు చేయించుకుంటానంది అక్క, కాకినాడలో. నేనూ వెంట వెళ్తున్నాను. పాత కల్చర్ రిపోర్టులన్నీ తేదీల వరసలో పెట్టి ఒకే ఫైలు చేశాం, నోట్‌బుక్ కూడా అందులోనే ఉంది.