టస్కనీలో కారు నడపడం

ఇటలీలో టస్కనీ అంతా మేమే కారు నడుపుకుంటూ తిరిగొచ్చాం. వెళ్లే ముందు అందరూ హోటళ్ల గురించే అడిగారు. నాకు మాత్రం అసలు టెన్షన్ అంతా జెడ్‌టీఎల్, అంటే వాహనాలపై ఆంక్షలుండే ప్రాంతాల దగ్గరే. పాత ఊళ్ల మధ్యలోకి బయటి కార్లను రానివ్వరు. ఎర్ర అంచున్న తెల్లటి గుండ్రని బోర్డు, పక్కనే కెమెరా ఉంటాయి. కింద ‘వార్కో అత్తీవో’ అని వెలిగిందంటే కెమెరా పనిచేస్తున్నట్టే. ఆపేవాళ్లెవరూ ఉండరు, ఫైన్ మాత్రం ఎప్పుడో తీరిగ్గా ఇంటికొస్తుంది. కారు అద్దెకిచ్చినవాళ్లు తమ ఛార్జీ వేరుగా కోస్తారు.

అందుకే మ్యాప్‌లో ఊరి పేరు కాకుండా, కోటగోడ బయటి పార్కింగ్ పేరు పెట్టుకున్నాం. సాన్ జిమిన్యానోలో అదే మేలైంది. నడుచుకుంటూ వెళ్తేనే మధ్యయుగం నాటి ఆ రాతి బురుజులు ఒక్కొక్కటిగా పైకి లేస్తాయి.

పియెంజా నుంచి మోంటెపుల్చానో 15 కిలోమీటర్ల లోపే. మాకు పూటంతా పట్టింది! మలుపు మలుపుకీ గోధుమ చేలు, సైప్రస్ చెట్ల వరసలు. ఆగకుండా ఎలా పోతాం? రోజుకు నాలుగూళ్లు చూపించే ప్లాన్లను నేనైతే నమ్మను. రెండు చాలు.

వెళ్లేవాళ్లు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఇక్కడే తీసుకోండి, అక్కడ ఇవ్వరు. ఆటోమేటిక్ కారు కావాలంటే ముందే బుక్ చేసుకోండి. అక్కడ గేర్ల కార్లే ఎక్కువ. పైగా గేర్ మార్చాల్సింది కుడిచేత్తో!