పాల చీటీ చదివేవాడు

పాకాల నుంచి చిత్తూరు పోయే దారిలో ఒక జడ్పీ హైస్కూల్లో తెలుగు చెప్తాను. తొమ్మిదో తరగతి బి సెక్షన్‌కు క్లాస్ టీచర్‌ని కూడా నేనే. 42 మంది పిల్లలు. గోల చేసేవాళ్ళ పేర్లు మొదటి వారంలోనే వచ్చేశాయి. చివరి బెంచీలో కిటికీ పక్కన కూర్చునే పిల్లోడి పేరు మాత్రం నోటికి రావడానికి నెల పట్టింది.

పాఠం చదవమంటే ఎప్పుడూ ఒకటే మాట. "అద్దాలు ఇంట్లో మర్చిపోయినా మేడం." మొదట్లో నమ్మాను. తర్వాత పక్కవాణ్ణి అడిగితే, "వాడికి అద్దాలు యాడుండాయి మేడం" అని నవ్వాడు. కళ్ళు చూపిస్తే చూపు బాగానే ఉంది. అయితే ఇది బద్ధకమే అనుకుని ఒకరోజు పీరియడంతా బయట నిలబెట్టాను. ఆ పని తలుచుకుంటే ఇప్పటికీ ముఖం చెల్లదు.

జూలైలో ఎనిమిది రోజులు బడికి రాలేదు. తోతాపురి మామిడి కోతలు. వాళ్ళ మామతో కలిసి ట్రాక్టరుకు కాయలు ఎత్తుతున్నాడని తెలిసి, పొద్దున్నే వాళ్ళ ఊరు పోయాను. ఇంట్లో ఎవరూ లేరు, పాల సెంటర్ దగ్గర ఉన్నారన్నారు. అక్కడ వాళ్ళమ్మ క్యాను దించి, మెషీన్ ఇచ్చిన చీటీ వాడి చేతిలో పెట్టింది. "ఆరున్నర లీటర్లు, ఫ్యాట్ తక్కువొచ్చింది, లీటరు 34 పడింది, మొత్తం 221" అన్నాడు. కాగితం కలం ఏమీ లేవు. నేను ఫోన్‌లో లెక్కేసుకున్నాను, సరిగ్గా 221.

చీటీ పైన సెంటర్ పేరు తెలుగులో ఉంది. "ఇది చదువురా" అన్నాను. తల వంచుకున్నాడు. అంతవరకూ గడగడా మాట్లాడిన పిల్లోడే.

మరుసటి వారం సైన్స్ ల్యాబులో ఒక్కడినే కూర్చోబెట్టి చదివించాను. "మయూరి" అని రాస్తే "యమూరి" అన్నాడు. ప, ష, వ మూడూ వాడికి ఒకటే. ఒత్తులు అసలు కనపడనట్టే దాటేస్తున్నాడు. అదే పాఠం నేను చదివి వినిపిస్తే మొదటి నుంచి చివరి దాకా తిరిగి చెప్పాడు. వేమన పద్యం రెండుసార్లు వింటే చాలు, నోటికి వచ్చేసింది. ఎనిమిదేళ్ళు ఇట్లా చెవులతోనే చదువుకుని తొమ్మిదో తరగతి దాకా వచ్చాడన్నమాట. ఎంత తెలివి కావాలి దానికి! మాలో ఒక్కరికీ అనుమానం రాలేదు.

మండలంలో భవిత సెంటర్ ఉంది. ప్రత్యేక అవసరాలున్న పిల్లలతో పనిచేసే ఐఈఆర్‌టీ మేడం వచ్చి చూసి, డిస్లెక్సియా కావచ్చు, డాక్టర్లతో పరీక్ష చేయించమన్నారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో 21 రకాలుంటే, చదవడం, రాయడంలో వచ్చే ఈ ఇబ్బంది కూడా వాటిలో ఒకటట. సర్టిఫికెట్ వస్తే పదో తరగతి పరీక్షల్లో రాసిపెట్టే మనిషిని, అదనపు సమయాన్ని అడగొచ్చు. ఇరవై ఏళ్ళుగా పాఠాలు చెప్తున్నా, ఇదంతా నాకు ఆరోజే తెలిసింది.

వాళ్ళ నాయన మేస్త్రీ. సర్టిఫికెట్ అనగానే కోపం వచ్చేసింది. "మావోడేమన్నా మెంటలా మేడం?" అన్నాడు. రెండుసార్లు పోయినా అదే మాట. మూడోసారి నేను సర్టిఫికెట్ ఊసే ఎత్తలేదు. మ, య తారుమారయ్యే సంగతి కాగితం మీద చూపించాను. చాలాసేపు ఆ కాగితం పట్టుకుని కూర్చున్నాడు. "నాకూ ఇట్లే ఉండె. ఐదులో కొట్టినారని మానేసినా" అన్నాడు. టీ తాగి పొమ్మన్నాడు.

తీరా ఆసుపత్రికి పోతే, పరీక్ష చేసే డాక్టర్ ఆరోజు రాలేదన్నారు. ఒక రోజు కూలి పోయింది. మళ్ళీ పోయి వచ్చారు. కాగితం ఇంకా చేతికి రాలేదు.

అంతవరకూ చేస్తున్నవి చిన్న పనులే. ముందు బెంచీకి మార్చాను. అందరి ముందూ చదవమని అడగను. పాత నోట్‌బుక్ అట్టకు సన్నగా ఒక కిటికీ కోసిచ్చాను. దాన్ని జరుపుకుంటూ పోతే ఒక్క వరసే కనపడుతుంది, కింది వరస వచ్చి కలవదు. ప్రశ్నపత్రం పక్కన కూర్చుని చదివి వినిపిస్తాను. లెక్కల సార్ మొదట విసుక్కున్నారు, "42 మందిలో ఒక్కడికి ఇంత చేస్తే మిగతావాళ్ళ సంగతేంది?" అని. ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. గుడ్డు, రాగిజావ లెక్కలు, యాప్‌లో ఎక్కించాల్సిన ఫోటోలు అయ్యేసరికి సగం పొద్దు పోతుంది. అయినా వాడి నోటి లెక్క విన్న తర్వాత ఆయనే ప్రశ్నలు చదివి వినిపిస్తున్నారు. తెలుగులో 50కి 9 వచ్చేవాడికి ఈసారి 17 వచ్చాయి. పాస్ మార్కు కాదు. వాడు మాత్రం పేపర్ మడిచి జేబులో పెట్టుకుని ఇంటికి తీసుకుపోయాడు.

నిన్న సాయంత్రం స్టాఫ్ రూమ్‌లో హాజరు పట్టీ తీశాను. ఒక్కో పేరూ చూస్తూ, ఎవరి గొంతు నాకు గుర్తు రాలేదో వాళ్ళ పక్కన పెన్సిల్‌తో చుక్క పెట్టాను. ఏడు చుక్కలు పడ్డాయి. అందులో ఒక పిల్ల, దసరా సెలవులు అయినప్పటి నుంచి రోజూ రెండో పీరియడ్‌కే వస్తోంది. ఎందుకని ఇంతవరకూ అడగలేదు. రేపు మొదటి పీరియడ్ నాకు ఖాళీ, గేటు దగ్గర నిలబడతాను.