హిందీలో ఉన్నాసీ అంటే 89 కాదు

విశాఖలో గాజువాకలోనో మల్కాపురంలోనో కొట్టు పెట్టుకున్నవాళ్లకి హిందీ బేరం కొత్తేం కాదు. నేవీ కుటుంబాలు వస్తాయి, స్టీల్ ప్లాంట్ పనికి ఉత్తరాది నుంచి వచ్చినవాళ్లు వస్తారు. ఏక్ నుంచి బీస్ దాకా ఇబ్బంది ఉండదు. ‘ఉన్నాసీ’ అన్నప్పుడే పది రూపాయలు తేడా కొడుతుంది. అస్సీ అంటే ఎనభై కదా అని 89 అనుకుంటారు. అది 79.

ముందున్న ‘ఉన్’ సంస్కృతంలోని ‘ఊన’, అంటే తక్కువ. మన ‘న్యూనత’లో ఉన్నదీ అదే. ఏకోనవింశతి, ఒకటి తక్కువ ఇరవై, అరిగి ఉన్నీస్ అయింది. ఉన్ వినబడితే వెనక వచ్చే పదిలోంచి ఒకటి తీసెయ్యాలి: ఉన్‌తీస్ 29, ఉన్‌తాలీస్ 39, ఉన్‌చాస్ 49, ఉన్‌సఠ్ 59, ఉన్‌హత్తర్ 69, ఉన్నాసీ 79. అక్కడితో సరి. 89 నవాసీ, 99 నిన్యానవే. వీటిలో తీసివేత లేదు, కూడికే. సంస్కృతంలోనూ నవాశీతి, నవనవతి అనే మాటలున్నాయి. సూత్రం దొరికింది కదా అని 89కి ‘ఉన్నబ్బే’ అనకండి, అలాంటి మాట లేదు.

తెలుగులో పదులు ముందు, ఒకట్లు వెనక. హిందీలో ఏకవింశతి వరసే, ఇక్కీస్. పైగా ఒక్కో సంఖ్య ఒక్కోలా అరిగింది కాబట్టి బట్టీ తప్పదనిపిస్తుంది. పంచాంగం చూసే అలవాటుంటే కొంత పని తప్పుతుంది. ఏకాదశి తెలిస్తే గ్యారహ్, ద్వాదశి తెలిస్తే బారహ్, త్రయోదశి తెలిస్తే తేరహ్. ‘దశ’లో ద కాస్తా ర అయింది, శ హ అయింది. చతుర్దశలో ద ముందు ర ఉండటంతో అది ద్ద అయి నిలబడింది, అందుకే చౌదహ్. షోడశోపచారాల షోడశే సోలహ్. ఇక ‘ద్వి’: విడిగా దో, జంటలో బా. బాయీస్ 22, బావన్ 52, బాసఠ్ 62, అన్నీ ఆ తీరే.

డెబ్బైల్లో సత్తర్ కాస్తా హత్తర్ అవుతుంది, బహత్తర్ 72. యాభైల్లో పచాస్ అసలు కనబడదు, వన్ లేదా పన్ మిగులుతుంది: తిర్‌పన్ 53, ఛప్పన్ 56. పచ్చీస్ 25, పచాస్ 50, పచాసీ 85: సందడిలో ఈ మూడూ కలిసిపోతాయి. చెవి మాట చివర మీద పెట్టాలి. అయినా అనుమానం ఉంటే ‘ఆఠ్ పాంచ్?’ అని అంకెలు విడదీసి అడగడమే మేలు.

భిన్నాలు ఇంకో తిరకాసు. సవా అంటే సపాద, పావు ఎక్కువ. సాఢే అంటే సార్ధ, అర ఎక్కువ. పౌనే అంటే పాదోన, మన ‘పావు తక్కువ’. సాఢే మూడు నుంచే మొదలు; ఒకటిన్నర డేఢ్, రెండున్నర ఢాయీ. వందల ముందు వస్తే పావు కూడా వందలోదే: సవా సౌ 125, డేఢ్ సౌ 150, ఢాయీ సౌ 250, సాఢే పాంచ్ సౌ 550. ‘పౌనే దో సౌ’కి అడిగాడంటే 175కి అడిగినట్టు. ‘దో సౌ’ ఒక్కటే విని 200కి ఒప్పుకున్నాడనుకుని సరుకు కట్టేస్తే ఆ పాతిక మీద మళ్లీ పేచీ.