పొందూరు మామ్మ గొంతు

పొందూరు ఖద్దరు మీద మేం నలుగురం తీసిన 12 నిమిషాల సినిమా మీలో చాలామంది కాలేజీ డే నాడు చూసే ఉంటారు. 2006-07 బ్యాచ్ వాళ్లకైతే గుర్తుండాలి, గట్టిగా చప్పట్లు కొట్టారు. ఆ సినిమాలో లేకుండా పోయిన ఒక గొంతు గురించి ఇన్నాళ్లకు రాస్తున్నాను.

పెళ్లి వీడియోలు తీసే ఒకాయన్ని బతిమాలి కెమెరా తెచ్చుకున్నాం. మినీ డీవీ టేపు ఒక్కటే, గంటసేపు వస్తుంది. శ్రీకాకుళం కాంప్లెక్స్‌లో బస్సెక్కి పొందూరులో దిగాం. ఒక ఇంటి వసారాలో మామ్మ కూర్చుని వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వుతోంది. ఆ ఎముకకి సన్నటి పళ్లుంటాయి. గింజని వేళ్ల మధ్య తిప్పుతూ దువ్వుతుంటే పీచంతా ఒకే వైపుకి వాలుతోంది, నలుసులు ఒళ్లో రాలుతున్నాయి. కెమెరా దగ్గరికి తీసుకెళ్లగానే తలెత్తి అడిగింది: "ఏటి బాబూ, సెయ్యి తీత్తారా, మొకం తీత్తారా?"

రెండూ తీస్తాం మామ్మా అన్నాం.

ఎడిటింగ్ కంప్యూటర్ ల్యాబ్‌లో, విండోస్ ఎక్స్‌పీతో పాటు వచ్చిన మూవీ మేకర్ అనే సాఫ్ట్‌వేర్‌లో చేశాం. అందులో వీడియోకి ఒకటే వరస, అంటే ట్రాక్. వీడియోతో వచ్చిన శబ్దం దానికే అతుక్కుని ఉంటుంది. విడిగా పెట్టుకునే ఆడియోకి ఇంకొక్క వరస, అంతే. మామ్మ మాట్లాడుతుంటే తెర మీద ఆవిడ చేతులు కనబడాలని మా పట్టుదల. ఆవిడ క్లిప్పునే ఆడియో వరసలోకి లాగితే గొంతు మాత్రమే వస్తుందని రెండు రోజులు కుస్తీ పట్టాక తెలిసింది. పైన చేతుల షాట్లు పేర్చుకున్నాం. వాటితో పాటే రాట్నం చప్పుడూ వచ్చింది. ఎంత బాగుందో! కానీ ఉన్న ఒక్క వరసా నిండిపోయింది. ఇక కామెంటరీ ఎక్కడ పెట్టాలి, వెనక వచ్చే వీణ సంగీతం ఎక్కడ పెట్టాలి?

ఒకసారి సినిమాగా సేవ్ చేసి, దాన్నే మళ్లీ లోపలికి తెచ్చుకుని కామెంటరీ కలిపాం. మళ్లీ సేవ్ చేసి వీణ కలిపాం. సేవ్ చేసిన ప్రతిసారీ బొమ్మ నలిగింది. మూడోసారికి దువ్విన పత్తిలో పీచు మాయమై తెల్లటి గళ్లు మిగిలాయి. పొందూరు నూలు గొప్పతనమంతా ఆ పీచులోనే కదా! డీవీ ఏవీఐ అనే పెద్ద ఫైలు రకంలో సేవ్ చేస్తే అంత నష్టం ఉండదు గానీ, అది గంటకి 13 జీబీ దాకా మింగేస్తుంది. ల్యాబ్ సిస్టమ్‌లో టేపు ఎక్కించాక మిగిలిన జాగా చాల్లేదు. ఈలోగా ఎవరో మా ఫోల్డర్ని వేరే డ్రైవ్‌లోకి మార్చేసరికి క్లిప్పులన్నిటి మీదా ఎర్ర ఇంటూ గుర్తులొచ్చాయి. ప్రాజెక్టు ఫైల్లో వీడియో ఉండదు, అది ఎక్కడుందో ఆ జాడ మాత్రమే ఉంటుంది. ఆ టెన్షన్‌లో ఒక రాత్రి పోయింది.

చివరికి బొమ్మ పాడవకూడదని ఒక్కసారే సేవ్ చేద్దామనుకున్నాం. గాంధీజీ తన కొడుకు దేవదాస్‌ని పొందూరు పంపించిన సంగతితో మొదలయ్యే మా కామెంటరీ ఉంచాం. వీణ తీసేశాం. మామ్మ గొంతూ తీసేశాం.

ఆ ఒక్క వరసలోనే వంతులవారీగా పెట్టొచ్చు. మా మాట కాసేపు, ఆవిడ మాట కాసేపు. అది మాకు తెలియక కాదు. రాసుకున్న కామెంటరీలో ఒక్క వాక్యం వదులుకోవడానికి కూడా మనసొప్పలేదు. అందుకు మూవీ మేకర్‌ని అనలేను. శబ్దాలన్నీ ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ముందే ఒక ఫైలుగా కలిపి తెచ్చుకోవచ్చని మాత్రం ఏడాది తర్వాత తెలిసింది.

టేపు నా దగ్గర భద్రంగా ఉంది. నడిచే మినీ డీవీ కెమెరా, ఆ కెమెరా కేబుల్ పెట్టుకునే ఫైర్‌వైర్ పోర్టున్న పాత కంప్యూటర్ ఎవరి దగ్గరైనా ఉంటే దయచేసి చెప్పండి. గంట టేపు ఎక్కించడానికి గంట పడుతుంది, నేనే వచ్చి కూర్చుంటాను. సగం దాటాక మామ్మ రాట్నం తిప్పుతూ "సెయ్యాగితే పోగు తెగిపోద్ది బాబూ" అంటుంది. ఈసారి దాని మీద కామెంటరీ పెట్టను.