వేరువేరు కుంచములు

"వేరువేరు తూనికె రాళ్లు వేరువేరు కుంచములు ఈ రెండును యెహోవాకు హేయములు." సామెతలు 20:10.

కళ్ళంలో ధాన్యం కొలిచిన ఇళ్ళకి ఈ వచనం విడమరిచి చెప్పక్కర్లేదు. రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. మోసం చెయ్యాలంటే కుంచం మార్చనవసరం లేదని కూడా వాళ్ళకి తెలుసు. తీసుకునేటప్పుడు శిఖ పోసి, అంటే అంచు పైన గుట్టగా పోసి, కొలిపించుకుని, ఇచ్చేటప్పుడు అదే కుంచానికి అరచేత్తో తల కొట్టేస్తే చాలు. ఒక్కో కుంచానికి పోయేవి నాలుగు పిడికెళ్ళే, కళ్ళం అంతా కొలిచేసరికి బస్తాలు పోతాయి.

ఖురాన్‌లో 83వ సూరా, అంటే అధ్యాయం, పేరే అల్ ముతఫ్ఫిఫీన్, అంటే కొలతలో తగ్గించేవాళ్ళు. మొదటి మూడు ఆయతుల, అంటే వచనాల, భావం ఇది: జనం దగ్గర తీసుకునేటప్పుడు నిండుగా కొలిపించుకుని, తాము కొలిచి ఇచ్చేటప్పుడు తగ్గించేవాళ్ళకి నాశనం తప్పదు. రెండు గ్రంథాలూ ఒకే కళ్ళంలో నిలబడి ఒకే తప్పును వేలెత్తి చూపిస్తున్నాయి. ఆ గ్రంథాల గురించే వాదించుకునేటప్పుడు రెండు వైపులవాళ్ళమూ ఆ తప్పే చేస్తున్నాం.

శ్రీకాకుళంలో టీ కొట్టు దగ్గర, విజయనగరంలో ఫోన్లు పట్టుకున్న కుర్రాళ్ళ మధ్య ఈ వాదన రెండే మాటల్లో మొదలవుతుంది. "మీ బైబిల్ని మార్చీసినారు కదేటి?" "మీ ఖురాన్ ప్రతులు కాల్చీసినారు కదేటి?" రెండు ప్రశ్నల వెనకా నిజంగా జరిగిన సంగతులున్నాయి. వాటిని కొలిచే తీరులోనే తేడా వస్తుంది.

క్రైస్తవులం మనం ముందు మన రాశి దగ్గరికి వెళ్దాం. కొత్త నిబంధనకి గ్రీకులో 5,700కి పైగా చేతిరాత ప్రతులున్నాయని గొప్పగా చెబుతాం. మాట నిజమే. వాటిలో ఎక్కువ భాగం 9వ శతాబ్దం, ఆ తర్వాతవి అన్న సగం మాత్రం చెప్పం. అది శిఖ పోయడమే. మరీ పాతవి కొన్నే, అవీ ముక్కలే. మాంచెస్టర్‌లో ఉన్న యోహాను సువార్త ముక్క సుమారు 9 సెంటీమీటర్ల పొడవు, 6 సెంటీమీటర్ల వెడల్పు. అరచేతిలో పట్టేస్తుంది. 18వ అధ్యాయంలో పిలాతు ముందు యేసు నిలబడిన చోటు నుంచి కొన్ని పంక్తుల తునకలు దాని మీద ఉన్నాయి. 2వ శతాబ్దపుదని ఎక్కువమంది పండితుల అంచనా. అంత చిన్న ముక్క మీద పెద్ద మేడ కట్టకూడదు. అలాగని విసిరెయ్యకూడదు కూడా.

ప్రతుల్లో తేడాలు ఎలా వచ్చాయో తెలిస్తే సగం భయం పోతుంది. పిల్లడు పాఠం చూచిరాత రాస్తుంటే రెండు పంక్తులు ఒకే మాటతో ముగిశాయనుకోండి. కన్ను పై పంక్తి చివర నుంచి కింది పంక్తి చివరికి జారిపోతుంది. మధ్యలోది మొత్తం ఎగిరిపోతుంది. 1 యోహాను 2:23లో అచ్చంగా ఇదే జరిగింది. గ్రీకులో ఆ వచనం మొదటి సగమూ రెండో సగమూ ఒకే మాటలతో ముగుస్తాయి. అందుకే చాలా ప్రతుల్లో రెండో సగం లేదు. దీని వెనక కుట్రేమీ లేదు, అలిసిపోయిన కన్ను ఉంది.

అన్ని తేడాలూ అంత చిన్నవి కావు. మార్కు 16:9 నుంచి 20 వరకు పన్నెండు వచనాలు 4వ శతాబ్దపు సినాయి ప్రతిలో లేవు, వాటికన్ ప్రతిలో లేవు. వ్యభిచారంలో పట్టుబడిన స్త్రీ కథ, యోహాను 7:53 నుంచి 8:11 వరకు, అదీ పన్నెండు వచనాలే, ఆ రెంటిలోనూ లేదు. 1 యోహాను 5:7 సంగతి ఇంకా చెప్పుకోవాలి. పరలోకంలో సాక్ష్యమిచ్చేవారు తండ్రి, వాక్యం, పరిశుద్ధాత్మ అన్న మాట 1516లో, 1519లో ఎరాస్మస్ అనే పండితుడు అచ్చువేసిన గ్రీకు పాఠంలో లేదు. ఒత్తిడి వచ్చాక 1522లో చేర్చాడు. అక్కడి నుంచి 1611 ఇంగ్లీషు బైబిల్లోకి వెళ్ళింది. మనం వాడే తెలుగు పరిశుద్ధ గ్రంథంలో ఆత్మ, నీళ్ళు, రక్తం మాత్రమే సాక్షులు. త్రిత్వానికి రుజువుగా ఆ ఇంగ్లీషు వచనాన్ని చూపించే బోధకుడు ఎదుటివాడి చేతికి కర్ర ఇస్తున్నాడు. త్రిత్వం ఆ ఒక్క వచనం మీద ఆధారపడి లేదు. ఆ సంగతి ధైర్యంగా చెప్పాలంటే ముందు ఆ వచనాన్ని వదులుకోవాలి.

ఇప్పుడు అవతలి రాశి. ఖలీఫా ఉస్మాన్ సుమారు 650లో ప్రవక్త భార్య హఫ్సా దగ్గరున్న ప్రతిని తెప్పించి, జైద్ ఇబ్న్ సాబిత్, మరికొందరి చేత నకళ్ళు రాయించి, ముఖ్య పట్టణాలకి పంపి, మిగతా ప్రతులను కాల్పించాడు. ఈ సంగతి ముస్లింలు దాచలేదు, ప్రవక్త గురించీ ఆయన సహచరుల గురించీ చెప్పే వాళ్ళ హదీసుల్లోనే ఉంది. పారాయణంలో జనం తగువులాడుకుంటున్నారన్నది అక్కడ చెప్పిన కారణం. దీన్ని "రుజువులు తగలబెట్టడం" అని ఒక్క ముక్కలో తేల్చేసే క్రైస్తవుడు, మన ప్రతులన్నీ ఒక అధికారి చేతిలో పడకుండా చెదిరి ఉండటం వల్లే ఇన్ని పాఠభేదాలు బతికాయని కూడా ఒప్పుకోవాలి. అక్కడ ఏకరూపం ఎక్కువ, పాత తేడాల జాడ తక్కువ. ఇక్కడ జాడ ఎక్కువ, ఏకరూపం తక్కువ. ఏ పద్ధతికి ఉండే నష్టం ఆ పద్ధతికి ఉంది.

"ఒక్క చుక్క మారలేదు" అనే ముస్లిం సోదరుడూ శిఖ పోస్తున్నాడు. తొలి ప్రతుల్లో అక్షరాల చుక్కలు చాలా తక్కువ, అచ్చుల గుర్తులు అసలు లేవు. ఎలా చదవాలో గురువు నోటి నుంచి శిష్యుడి చెవికి వచ్చింది. ఫాతిహా సూరాలో తీర్పు దినానికి "మాలికి" అని మన దగ్గర చదువుతారు, యజమాని అని అర్థం. అది ఆసిమ్ అనే పారాయణ గురువు నుంచి ఆయన శిష్యుడు హఫ్స్ చెప్పిన పాఠం. ఉత్తర ఆఫ్రికాలో వర్ష్ అనే మరో గురువు పాఠం ప్రకారం దీర్ఘం లేకుండా "మలికి" అంటారు, రాజు అని అర్థం. రెండూ ప్రవక్త నుంచి వచ్చినవేనని వాళ్ళ విద్వాంసులు అంగీకరించారు. 1972లో యెమెన్‌లోని సనా మసీదులో దొరికిన తోలు పత్రాల మీద చెరిపేసి పైన మళ్ళీ రాశారు, ఆ అడుగు రాతలో కొన్ని మాటల తేడాలు కనిపిస్తాయి. బర్మింగ్‌హామ్‌లోని రెండు పత్రాల తోలును పరీక్షిస్తే 568 నుంచి 645 మధ్యదని తేలింది, 18 నుంచి 20 వరకు సూరాల భాగాలు వాటి మీద ఉన్నాయి, పాఠం ఇప్పటిదానికి చాలా దగ్గరగా ఉంది. సనా గురించి మాట్లాడేవాడు బర్మింగ్‌హామ్ మాట ఎత్తడు, బర్మింగ్‌హామ్ గురించి మాట్లాడేవాడు సనా మాట ఎత్తడు.

పుస్తకం కంటే ముందు నోట నిలిచిన గ్రంథం అది. రంజాన్ రాత్రుల్లో చేసే తరావీహ్ నమాజులో చూస్తే తెలుస్తుంది. హాఫిజ్, అంటే ఖురాన్ మొత్తం కంఠస్థం చేసినవాడు, చూడకుండా రోజుకి ఒక జుజ్ (ఖురాన్‌లో ముప్పయ్యో వంతు), ఆ పైన కాస్త చదువుకుంటూ పోతాడు. ఒక మాట జారితే వెనక వరసలో నిలబడిన మరో హాఫిజ్ అక్కడికక్కడే సరైన మాట అందిస్తాడు. దాన్ని లుఖ్మా అంటారు, అన్నం ముద్ద అందించినట్టు. ఇమామ్ వెనక్కి వెళ్ళి సరిచేసుకుని ముందుకి సాగుతాడు. 17వ శతాబ్దపు శ్రీకాకుళం జుమ్మా మసీదులోనూ పద్ధతి ఇదే. దీన్ని చూడకుండా చేతిరాత ప్రతులతోనే ఖురాన్‌ని కొలిస్తే కొలత తక్కువ వస్తుంది.

వాదన ఎక్కువగా చెడేది మరో చోట. ముస్లింకి ఖురాన్ అంటే దేవుని మాట, అక్షరం అక్షరం. క్రైస్తవుడికి దేవుని వాక్యం యేసు. "ఆ వాక్యము శరీరధారియై" అన్నది యోహాను 1:14. నాలుగు సువార్తలు ఆయన గురించిన నాలుగు సాక్ష్యాలు. సాక్షుల మాటల్లో తేడాలుండటం మనకి ఎదురు దెబ్బ కాదు. యేసుకి ఇంజీల్ అనే ఒక గ్రంథం దిగిందని నమ్మే సోదరుడికి నలుగురు రాయడమే తేడాగా కనిపిస్తుంది. గింజలు కొలిచే కుంచంతో నూనె కొలవబోతే కారిపోక ఏమవుతుంది?

మన వైపు నుంచి జరిగే మరో తప్పు, ఖురాన్ 5:47 చూపించి "మీ గ్రంథమే మా సువార్తకి సాక్షి" అని అక్కడితో ఆపెయ్యడం. పక్కనే 48వ ఆయతు ఖురాన్ వెనకటి గ్రంథాలను ధ్రువపరిచేదీ, వాటిపై కాపలా ఉన్నదీ అంటుంది. అదీ చదవాలి. తహ్రీఫ్, అంటే మార్చేయడం, అన్న మాట మీద ముస్లిం విద్వాంసుల్లోనే భేదముంది. అర్థాన్ని వంచారన్నవాళ్ళున్నారు, అక్షరాన్నే మార్చారన్నవాళ్ళున్నారు. 1064లో చనిపోయిన ఇబ్న్ హజ్మ్ రెండో మాటను గట్టిగా చెప్పాడు. ఎదుటివాడు ఏ అర్థంలో అంటున్నాడో అడగకుండా జవాబు మొదలుపెడితే గంట వృథా.

1854 ఏప్రిల్ 10, 11 తేదీల్లో ఆగ్రాలో జర్మన్ మిషనరీ కార్ల్ ఫాండర్, మౌలానా రహ్మతుల్లా కైరానవీ వాదించుకున్నారు. ఐదు విషయాలు అనుకున్నారు, రెండు దాటలేదు. బైబిల్ మీద యూరప్ పండితులు రాసిన విమర్శలను మౌలానా వైపు ఉన్న డాక్టర్ వజీర్ ఖాన్ చదివి వచ్చాడు. ఫాండర్ అందుకు సిద్ధంగా లేడు. పాఠభేదాలున్నాయని ఒప్పుకుని, సిద్ధాంతం మారలేదన్నాడు. ఒప్పుకోవడం సరైన పనే. కానీ మొదటి రోజే మనస్ఫూర్తిగా చెప్పవలసిన మాట, ఎదుటివాళ్ళు మీద పడి లాగితే వచ్చింది, అందుకే ఓటమిలా వినబడింది.

తెలుగు పుస్తకాలతో వాదించేవాళ్ళకి ఒక జాగ్రత్త. 1805లో విశాఖపట్నం వచ్చిన లండన్ మిషన్‌వాళ్ళు ఆనందరాయర్ సాయంతో సువార్తలు తెలుగు చేయడం మొదలుపెట్టారు, 1812లో సెరాంపూర్‌లో అచ్చయ్యాయి. ఖురాన్‌ని తెలుగులోకి తెచ్చిన తొలివారిలో ఈ ఉత్తరాంధ్రలోనే పుట్టిన చిలుకూరి నారాయణరావు గారున్నారు. అనువాదంలో కుండలీకరణాల మధ్య ఉన్నది అనువాదకుడి వివరణ, ఆయతు కాదు. బైబిల్లో అధ్యాయం సంఖ్యలు 13వ శతాబ్దపువి, కొత్త నిబంధన వచనాల సంఖ్యలు 1551 నాటివి, పైనున్న శీర్షికలు అచ్చువేసినవాళ్ళవి. వీటిని పట్టుకుని జరిగే తగువులు చాలా ఉన్నాయి.

"మీలో ఉన్న నిరీక్షణనుగూర్చి మిమ్మును హేతువు అడుగు ప్రతివానికిని సాత్వికముతోను భయముతోను సమాధానము చెప్పుటకు" అని 1 పేతురు 3:15. గ్రంథవహులతో, అంటే యూదులతో క్రైస్తవులతో, మేలైన రీతిలో తప్ప వాదించకండి అని ఖురాన్ 29:46. పేతురు చెప్పిన భయం మనుషుల భయం కాదు. కొలిచేవాడిని ఒకరు చూస్తున్నారన్న భయం.

వచ్చే ఈస్టర్ తెల్లవారుజామున మార్కు 16 చదివేవాళ్ళు 8వ వచనం దగ్గర ఒక్క నిమిషం ఆగండి. సినాయి, వాటికన్ ప్రతులు అక్కడితో ఆగిపోతాయని సంఘానికి చెప్పండి. 6వ వచనంలో "ఆయన లేచియున్నాడు" అన్న మాట అప్పటికే చదివేశారు, అది ఆ రెండు ప్రతుల్లోనూ ఉంది. ఆ స్త్రీలు వణుకుతూ సమాధి దగ్గర నుంచి పారిపోతున్నారు. "వారు భయపడినందున ఎవనితో ఏమియు చెప్పలేదు." ఆ నిశ్శబ్దాన్ని కాసేపు వినండి. తర్వాత 9వ వచనం చదవండి.